ఖురాన్ ఒక్కటే అయినప్పుడు ఇస్లాంలో ఇన్ని శాఖలు ఎందుకు? వారసత్వ దావాల వైపు నుంచి ఒక సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీ స్నేహితుల్లో ఒకరిది షియా కుటుంబం, మరొకరిది సున్నీ కుటుంబం. ఇద్దరూ చదివేది ఒకే ఖురాన్, నమాజుకు నిలబడేది ఒకే కాబా దిక్కుగా, అయినా తాము వేరు వేరు అంటున్నారు. ఇది క్యాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు ఉన్న తేడా వంటిదా, శైవ వైష్ణవాల తేడా వంటిదా, వీటిలో ఏది అసలైన ఇస్లాం అని మీరు అడిగారు. ఈ రెండు శాఖల మధ్య పెళ్ళి చెల్లుతుందా అని చివర్లో మరో ప్రశ్న చేర్చారు. నేను ఆలిమును (మత పండితుడిని) కాను. హైదరాబాదు న్యాయస్థానాల్లో చాలాకాలంగా ముస్లిం వారసత్వ, వివాహ వివాదాలు చూస్తున్న న్యాయవాదిని. కనుక నా సమాధానం ధర్మశాస్త్రం కన్నా చట్టం వైపు మొగ్గి ఉంటుందని ముందే గుర్తుంచుకోండి.

సూటిగా చెప్పాలంటే, ఖురాన్ పాఠం విషయంలో షియాలకు, సున్నీలకు వివాదం లేదు. ప్రవక్త తరువాత ఆ పాఠానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది, ఎవరి నోట వచ్చిన హదీసును (ప్రవక్త మాటలను, చేతలను గురించిన కథనాన్ని) నమ్మాలి అన్న దగ్గరే దారులు విడిపోయాయి. షియాల వద్ద వేరే ఖురాన్ ఉందని అక్కడక్కడా చేసే ప్రచారాన్ని పట్టించుకోవద్దు. ఇక పోలికల విషయానికి వస్తే, మీరు అడిగిన రెండూ సరిగ్గా అతకవు. నా అనుభవంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చే పోలిక హిందూ న్యాయశాస్త్రంలోని మితాక్షర, దాయభాగ సంప్రదాయాల భేదం. అదెలాగో చెప్పాలంటే ఒక పంపకం దావాతో మొదలుపెట్టాలి.

ఒక వ్యక్తి భార్యను, ఒక్కగానొక్క కూతురిని, ఒక తమ్ముడిని వదిలి చనిపోయాడనుకోండి. అప్పులు, అంత్యక్రియల ఖర్చు, భార్యకు చెల్లించవలసిన మహర్ (నికాలో భర్త ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) పోగా 80 లక్షల ఆస్తి మిగిలింది. ఆయన సున్నీల్లో హనఫీ న్యాయ పద్ధతిని పాటించేవారైతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 10 లక్షలు, కూతురికి సగం, అంటే 40 లక్షలు, మిగిలిన 30 లక్షలు తమ్ముడికి వెళతాయి. ఆయన షియాల్లో పన్నెండు ఇమాములను నమ్మే ఇస్నా అషరీ అయితే భార్యకు అవే 10 లక్షలు, కూతురికి 70 లక్షలు, తమ్ముడికి ఏమీ రాదు. కూతురికి సగం అన్న మాట ఖురాన్ నాలుగో సూరాలో ఉంది, దాన్ని రెండు పక్షాలూ అంగీకరిస్తాయి. వాటాలు పంచిన తరువాత మిగిలినది ఎవరికి పోవాలన్నదే వివాదం. మిగిలినదాన్ని దగ్గరి పురుష బంధువుకు ఇవ్వమని చెప్పే హదీసును సున్నీ పండితులు ప్రామాణికంగా తీసుకున్నారు. షియా పండితులు ఆ హదీసును అంగీకరించలేదు. రక్త సంబంధంలో దగ్గరివారే ఎక్కువ హక్కుదారులని ఖురాన్ చెబుతున్నప్పుడు, కూతురు ఉండగా తమ్ముడు మొదటి వరుసలోకి ఎలా వస్తాడన్నది వారి వాదన.

ఈ లెక్క వల్లనే నా దగ్గరకు వచ్చే కక్షిదారులను నేను మొట్టమొదట అడిగే ప్రశ్న, చనిపోయినవారు ఏ మజ్‌హబ్‌కు (న్యాయ సంప్రదాయానికి) చెందినవారని. చాలామంది ఆశ్చర్యపోతారు, కొందరు నొచ్చుకుంటారు కూడా. కానీ మన న్యాయస్థానాల్లో ఇతరత్రా రుజువు కానంతవరకు ముస్లిం పక్షకారులను సున్నీలుగాను, సున్నీలను హనఫీలుగాను భావించడం రివాజు. షియాలకు షియా న్యాయమే వర్తిస్తుందని 1841లోనే, బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ తేల్చింది గనుక, తాను షియానని చెప్పే పక్షం దాన్ని సాక్ష్యంతో నిలబెట్టుకోవాలి. అప్పుడు విచారణ వింతగా ఉంటుంది. ఆయన చేతులు కట్టుకుని నమాజు చేసేవారా, వదిలేసి చేసేవారా? సజ్దాలో నుదురు ఆనించడానికి కర్బలా మట్టి బిళ్ళ పెట్టుకునేవారా? నికా ఎవరు చదివించారు, ఎక్కడ ఖననం చేశారు? వీటిలో ఏ ఒక్కటీ చాలదు. చేతులు వదిలి నమాజు చేయడం సున్నీల్లోనే అయిన మాలికీలలోనూ ఉంది. ముహర్రంలో ఆలం (కర్బలా స్మారక పతాకం, పీరు) ఎత్తడం తెలంగాణలో ఎంతమాత్రం రుజువు కాదు. పీర్ల పండుగ నాడు పీరును ఎత్తుకునేవారిలో సున్నీలు, హిందువులు కలిసే ఉంటారు. కుతుబ్‌షాహీలు షియాలు, అసఫ్‌జాహీలు సున్నీలు, అయినా బీబీ కా ఆలం ఊరేగింపు ఇద్దరి కాలంలోనూ ఆదరణకు నోచుకున్న నగరం ఇది.

ఇప్పుడు మితాక్షర సంగతి. కొడుకులు లేని మగవాడి ఆస్తి ఎవరికన్న దానికి యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక వరుస ఉంది, అందులో మొదట భార్య, తరువాత కూతుళ్ళు. కళ్యాణి చాళుక్యుల ఆస్థానంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు ఈ శ్లోకాన్ని అన్నదమ్ముల నుంచి వేరుపడినవాడికి మాత్రమే పరిమితం చేశాడు. ఉమ్మడిలో ఉండగా చనిపోతే వాటా అన్నదమ్ములకే మిగులుతుంది. బెంగాలులో జీమూతవాహనుడు అదే శ్లోకాన్ని ఉమ్మడిలో ఉన్నవాడికీ వర్తింపజేసి, వితంతువుకు వాటా ఇచ్చాడు. శ్లోకం మారలేదు, దాని పరిధి మారింది, దానితో ఆస్తి మరిది చేతికి పోవాలా వదిన చేతికి రావాలా అన్నది మారిపోయింది. తెలుగు నేల మితాక్షర నేల. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా కలకత్తా వకీలు, మద్రాసు వకీలు ఒకే స్మృతి నుంచి వేరు వేరు తీర్పులు కోరేవారు. ఎవరూ ఒకరినొకరు హిందువులు కారని అనలేదు. సున్నీ, షియా వారసత్వ భేదం ఇదే జాతిది.

అయితే పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. దాయభాగానికి వెనుక సింహాసనం కోసం జరిగిన యుద్ధం లేదు. షియా, సున్నీ భేదానికి వెనుక అది ఉంది. 632లో ప్రవక్త ముహమ్మద్ మదీనాలో మరణించినప్పుడు ఆయన సంతానంలో బతికి ఉన్నది ఫాతిమా ఒక్కరే. సమాజం తన నాయకుడిని తానే ఎన్నుకోవాలని భావించినవారు అబూబకర్‌ను ఖలీఫాగా అంగీకరించారు. ఆ నాయకత్వం ఫాతిమా భర్త అలీకి ప్రవక్తే అప్పగించారని నమ్మినవారు అలీ పక్షం, అంటే షియాలు అయ్యారు. అలీ నాలుగో ఖలీఫా అయ్యారు, 661లో కూఫాలో హత్యకు గురయ్యారు. ఆయన కుమారుడు హుసైన్ 680లో కర్బలాలో చనిపోయారు. ఫదక్ అనే తోట భూముల విషయంలో ఫాతిమా వారసత్వం కోరడం, ప్రవక్తలకు వారసులు ఉండరని, వారు వదిలింది దానమని అబూబకర్ చెప్పడం రెండు పక్షాల గ్రంథాల్లోనూ ఉన్న సంగతే. ఆపైన 750లో అధికారానికి వచ్చిన అబ్బాసీ ఖలీఫాలు ప్రవక్త పినతండ్రి అబ్బాస్ సంతతి. కూతురి కొడుకుల కన్నా తండ్రి తోబుట్టువుకే వారసత్వంలో ముందు చోటు ఉంటుందని వారి పక్షం వాదించింది. నేను చెప్పిన ఆ 80 లక్షల పంపకంలో తమ్ముడికి వచ్చిన 30 లక్షల వెనుక ఈ పాత వాదన నీడ ఉందని చెబితే అతిశయోక్తి కాదనుకుంటాను. నియమం పూర్తిగా రాజకీయం నుంచే పుట్టిందని మాత్రం నేను అనను; తండ్రి వైపు మగ బంధువులకు హక్కు ఇవ్వడం ఇస్లాంకు ముందటి అరబ్బు తెగల ఆచారంలోనే ఉంది.

ఇక్కడ మూడు రకాల భేదాలను విడదీసి చూడాలి. వీటిని కలిపేయడం వల్లనే మీకు కలిగిన అయోమయం కలుగుతుంది. మొదటిది ఇప్పుడు చెప్పిన నాయకత్వ భేదం. షియాల్లోనూ ఇమాముల వరుస ఎక్కడ మలుపు తిరిగిందన్న దాన్ని బట్టి ఉపశాఖలు వచ్చాయి. 765లో ఇమాం జాఫర్ అస్సాదిక్ మరణించాక ఒక కుమారుడి వరుసను అనుసరించినవారు పన్నెండు ఇమాముల ఇస్నా అషరీలు, మరో కుమారుడు ఇస్మాయిల్ వరుసను అనుసరించినవారు ఇస్మాయిలీలు. ఇస్మాయిలీలు 1094లో మళ్ళీ చీలారు. ఆ చీలికకు రెండు వైపుల వారసులే నేటి ఆగాఖాన్ అనుచరులైన ఖోజాలు, దావూదీ బోహ్రాలు. ప్రపంచ ముస్లింలలో షియాలందరూ కలిసి సుమారు 10 నుంచి 13 శాతం ఉంటారని అంచనా.

రెండోది న్యాయ పద్ధతుల భేదం, అంటే మజ్‌హబ్. సున్నీల్లో నాలుగు నిలిచాయి: కూఫాకు చెందిన అబూ హనీఫా, మదీనాకు చెందిన మాలిక్, వీరి తరువాత షాఫిఈ, అహ్మద్ ఇబ్న్ హన్బల్. ఈ నలుగురూ 767 నుంచి 855 మధ్య మరణించారు. వీటి మధ్య తేడా విశ్వాసంలో కాక పద్ధతిలో ఉంది: ఖురాన్‌లోను, హదీసులోను సూటిగా దొరకని చోట సాదృశ్యాన్ని ఎంతవరకు వాడవచ్చు, మదీనా ప్రజల ఆచారానికి ఎంత విలువ ఇవ్వాలి వంటివి. ఒక మజ్‌హబ్‌వారు మరొకరి వెనుక నమాజు చేస్తారు. మన దగ్గర సున్నీలలో అత్యధికులు హనఫీలు. కేరళ మాప్పిళ్ళలు, కొంకణ తీరంవారు షాఫిఈలు. హైదరాబాదులోనే బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవారి వంశీకులు షాఫిఈలు. వయసు వచ్చిన అమ్మాయి వలీ (పెళ్ళికి అనుమతి ఇచ్చే సంరక్షకుడు) లేకుండా తానే నికా చేసుకుంటే హనఫీ న్యాయంలో చెల్లుతుంది, షాఫిఈ న్యాయంలో వలీ తప్పనిసరి. పారిపోయి పెళ్ళి చేసుకున్న జంట నా గదిలో కూర్చుని ఉన్నప్పుడు ఈ తేడా ఎంత బరువైనదో తెలుస్తుంది.

మజ్‌హబ్‌ల మధ్య గోడలు మీరు అనుకునేంత ఎత్తైనవి కావని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. భర్త జాడ తెలియకుండా పోతే పాత హనఫీ న్యాయం ప్రకారం అతడికి 90 ఏళ్ళు నిండే కాలందాకా భార్య ఎదురుచూడాలి. బ్రిటిష్ కాలంలో ఈ బంధం నుంచి బయటపడే దారి లేక కొందరు స్త్రీలు, ముఖ్యంగా పంజాబులో, ఇస్లాంను వదిలినట్టు ప్రకటించేవారు. అప్పుడు కరడుగట్టిన హనఫీ, దేవబంద్ పండితుడు అష్రఫ్ అలీ థానవీ ఈ విషయంలో మాలికీ న్యాయాన్ని అనుసరించవచ్చని ఫత్వా ఇచ్చారు. నాలుగేళ్ళు భర్త జాడ లేకపోతే భార్య విడాకులు కోరవచ్చన్న నియమం 1939 ముస్లిం వివాహ రద్దు చట్టంలోకి ఆ దారినే వచ్చింది. నేటికీ ఆ సెక్షన్ కింద అర్జీ వేసే హనఫీ స్త్రీ, తెలిసో తెలియకో, మదీనా పండితుడు మాలిక్ నియమాన్ని అనుసరిస్తున్నట్టే.

మూడోది ఆధునిక కాలపు ఉద్యమాలు, మన వీధుల్లో ఎక్కువ గొడవ వినిపించేది వీటి మధ్యనే. దేవబందీలు, బరేల్వీలు ఇద్దరూ హనఫీలే. దర్గాల్లో మొక్కుల గురించి, ప్రవక్త జన్మదినం జరపడం గురించి ఎంత తీవ్రంగా వాదించుకున్నా ఆస్తి పంపకం వచ్చేసరికి ఇద్దరి లెక్కా ఒకటే. అహ్లె హదీసువారు నాలుగు మజ్‌హబ్‌లలో దేనికీ కట్టుబడరు. వీరు నమాజులో ఆమీన్ అని గట్టిగా అంటారు, హనఫీలు మెల్లగా అంటారు. ఇది మీకు చిన్న విషయంగా తోచవచ్చు, కానీ ఒకే మసీదులో గట్టిగా ఆమీన్ అనవచ్చా అన్న వివాదం అలహాబాదు హైకోర్టుకు వెళ్ళింది. మసీదు ముస్లింలందరిదీ అని, గట్టిగా అన్నంత మాత్రాన ఎవరినీ బయటికి పంపడానికి వీల్లేదని 1889లో ఆ న్యాయస్థానం చెప్పింది.

మూడుసార్ల తలాక్ విషయంలో ఈ మూడు భేదాలూ ఒకేచోట కలుస్తాయి. ప్రవక్త కాలంలోను, అబూబకర్ కాలంలోను, రెండో ఖలీఫా ఉమర్ పాలన తొలి రెండేళ్ళలోను ఒకేసారి చెప్పిన మూడు తలాక్‌లను ఒకటిగా లెక్కించేవారని, తరువాత ఉమర్ వాటిని మూడుగా అమలు చేశారని సహీ ముస్లిం అనే సంకలనంలో హదీసు ఉంది. నాలుగు సున్నీ మజ్‌హబ్‌లూ ఉమర్ నిర్ణయాన్ని ఆధారంగా తీసుకున్నాయి. 14వ శతాబ్దంలో పండితుడు ఇబ్న్ తైమియా తిరిగి తొలి పద్ధతిని పట్టుకున్నాడు, అహ్లె హదీసువారిదీ అదే మాట. షియా న్యాయం ఇద్దరు సాక్షులు లేకుండా చెప్పిన తలాక్‌నే గుర్తించదు, మూడు కలిపి చెప్పడాన్ని మూడుగా ఒప్పుకోదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఐదుగురిలో ముగ్గురు న్యాయమూర్తుల ఆధిక్యంతో, ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లను కొట్టివేసింది, 2019లో పార్లమెంటు నేరంగా ప్రకటించింది. ఇస్లాం తలాక్‌ను ఇలా అనుమతిస్తుందని ఎవరైనా ఏకవాక్యంగా చెబితే, ఎవరి ఇస్లాం అని అడగాలి.

ఇక క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పోలిక. ఇది ఎందుకు తప్పుదారి పట్టిస్తుందంటే, ప్రొటెస్టెంట్లు 16వ శతాబ్దంలో అప్పటికే ఉన్న ఒక వ్యవస్థపై తిరగబడి బయటికి వచ్చినవారు. సున్నీలు షియాల నుంచిగాని, షియాలు సున్నీల నుంచిగాని అలా బయటికి వచ్చినవారు కారు. రెండు సంప్రదాయాలూ మొదటి మూడు శతాబ్దాల్లో పక్కపక్కనే రూపు దిద్దుకున్నాయి. సంఖ్యను చూసి సున్నీలను క్యాథలిక్కులతో పోల్చేవారున్నారు, కానీ నిర్మాణాన్ని బట్టి చూస్తే తలకిందులుగా ఉంటుంది. సున్నీలకు కేంద్ర మతాధికారం లేదు. షియాలకు ఇమాములు తప్పు చేయరనే విశ్వాసం ఉంది, పన్నెండో ఇమాం అదృశ్యంలో ఉన్నారని నమ్మే ఇస్నా అషరీలు నజఫ్, ఖుమ్ వంటి చోట్ల ఉండే మర్జాలు అనే అగ్ర పండితులలో ఒకరిని అనుసరించాలి. పైగా క్రైస్తవంలో శాఖ వారసత్వాన్ని మార్చదు. మన దేశంలో క్యాథలిక్కుకూ బాప్టిస్టుకూ అదే 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. చర్చి ఇచ్చిన వివాహ రద్దుకు సివిల్ చట్టంలో విలువ లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోలిక కోసం మతమే కావాలంటే యూదు మతాన్ని చూడండి. అక్కడా మతమంటే ప్రధానంగా న్యాయమే, అక్కడా పండితుల వ్యాఖ్యానమే చట్టం. సుమారు 1000వ సంవత్సరంలో జర్మనీలోని మైంజ్‌కు చెందిన రబ్బీ గెర్షోమ్ బహుభార్యాత్వాన్ని నిషేధించారు. యూరపులోని అష్కెనాజీ యూదులు దాన్ని పాటించారు, ముస్లిం దేశాల్లో ఉన్న సెఫర్దీ, యెమెన్ యూదుల్లో చాలామంది శతాబ్దాలపాటు పాటించలేదు. తోరా ఒక్కటే, పెళ్ళి నియమం రెండు. ఇది మజ్‌హబ్ భేదానికి అచ్చంగా సరిపోతుంది.

శైవ వైష్ణవాల పోలిక మాత్రం నాకు బొత్తిగా రుచించదు. అక్కడ ఆరాధ్య దైవం విషయంలోనే తేడా ఉంది, ఆస్తి విషయంలో తేడా లేదు. షియా, సున్నీల మధ్య దీనికి సరిగ్గా విలోమం. అద్వైత, విశిష్టాద్వైత, ద్వైతాల మధ్య బ్రహ్మసూత్రాల వ్యాఖ్యానంలో ఉన్న భేదానికి సాటి కావాలంటే ఇస్లాంలో అష్అరీ, మాతురీదీ, ముఅతజిలా వంటి విశ్వాస చర్చా సంప్రదాయాలను వెతకాలి. అది నా పరిధిలోది కాదు గనుక వదిలేస్తున్నాను.

ఏది అసలైనదన్న ప్రశ్నకు న్యాయస్థానాలు సమాధానం చెప్పవు, చెప్పకూడదని నా అభిప్రాయం. 1922లో మద్రాసు హైకోర్టు ముందుకు మలబారు నుంచి ఒక కేసు వచ్చింది. భర్త అహ్మదీ (మీర్జా గులాం అహ్మద్ అనుచరుడు) అయ్యాడు గనుక ముస్లిం కాకుండా పోయాడని, తన వివాహం రద్దయిందని భావించి భార్య మరొకరిని పెళ్ళాడింది. దేవుడు ఒక్కడేనని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని నమ్మేవాడు ముస్లిమేనని, అహ్మదీ అయినంత మాత్రాన మతం విడిచినట్టు కాదని హైకోర్టు తేల్చింది. ముస్లిం పండితుల్లో అత్యధికులు ఈ మాట ఒప్పుకోరు, పాకిస్తాన్ 1974లో రాజ్యాంగాన్ని సవరించి దీనికి పూర్తి విరుద్ధంగా నిర్ణయించింది. మన న్యాయస్థానాలు గీసిన విశాలమైన గీతే మేలని నేను అనుకుంటాను. ఎందుకంటే గీతను ఇరుకు చేసినప్పుడల్లా ఎవరి భార్యదో, ఎవరి పిల్లలదో హక్కు ప్రశ్నార్థకం అవుతుంది.

కూతుళ్ళు మాత్రమే ఉన్న సున్నీ తండ్రులు కొందరు, వారసత్వం కోసం షియాలుగా మారవచ్చా అని నన్ను అడుగుతారు. మారవచ్చు, కానీ చనిపోయాక తమ్ముళ్ళు ఆ మార్పును సవాలు చేయకమానరు. అంతకన్నా సులువైన దారి, అప్పటికే నికా అయిన దంపతులు ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్ళిని నమోదు చేసుకోవడం. అప్పుడు వారసత్వం 1925 చట్టం ప్రకారం నడుస్తుంది. 2023 మార్చిలో కేరళలో ముగ్గురు కూతుళ్ళున్న ఒక న్యాయవాది దంపతులు ఇలా చేయడం దేశమంతటా వార్త అయింది. వీలునామాతో సరిపెడదామంటే సున్నీ న్యాయంలో మిగతా వారసుల అంగీకారం లేకుండా ఒక వారసుడికి వీలునామా రాయడం కుదరదు, షియా న్యాయంలో మూడో వంతు వరకు కుదురుతుంది.

చివరగా మీ పెళ్ళి ప్రశ్న. షియా, సున్నీల మధ్య వివాహం మన చట్టం దృష్టిలో చెల్లుతుంది. పెళ్ళి వల్ల భార్య భర్త శాఖలోకి మారినట్టు కాదు, ఎవరి న్యాయం వారిదే. భర్త ముందు చనిపోతే ఆయన శాఖ ప్రకారం, భార్య ముందు చనిపోతే ఆమె శాఖ ప్రకారం ఆస్తి పంచుతారు. సున్నీ నికాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి, షియా నికాకు కారు. తలాక్ విషయంలో ఇది తారుమారు. అందుకే ఇలాంటి పెళ్ళిళ్ళకు నేను ఇచ్చే సలహా ఇది: సాక్షులను ఎలాగూ పెట్టండి, వీలైతే ఇరువైపుల ఆలిముల చేతా నికా చదివించండి, వధూవరులు ఇద్దరి శాఖా నికానామాలో స్పష్టంగా రాయించి, నకలు ఒకటి రెండు కుటుంబాల దగ్గరా ఉంచండి.